హాకీ లీగ్‌లో కొత్త జట్లు వస్తే మన ఉద్యోగానికి భరోసా ఉంటుందా?

ప్రశ్న: అమెరికాలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎస్ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. ఒక ఇంటర్న్‌షిప్ ఎంపికలో భాగంగా 'ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్) 32 జట్ల నుంచి 34కి పెరగాలా, వద్దా' అని రెండు పేజీల నోట్ రాసివ్వమన్నారు. నాకు క్రికెట్ తెలిసినంతగా ఐస్ హాకీ తెలియదు. ఏ వైపు వాదిస్తే మంచిది? కొత్త జట్టు వస్తే అందులో ఉద్యోగానికి ప్రయత్నించవచ్చా? అప్పు చేసి చదువుతున్నాను కాబట్టి నాన్నగారు నిలకడైన ఉద్యోగం చూసుకోమంటున్నారు.

జవాబు: పెరగాలనే రాయండి. కాకపోతే 'ఏ ఊరు' అన్నదానికంటే ముందు 'ఎవరి చేతికి, ఏ అరీనాలోకి' అని అడగండి. ఈ అంశం మీద రాసేవాళ్ళు చాలామంది ఎండ కాసే ఊళ్ళలో మంచు మీద ఆటను ఎవరు చూస్తారంటూ మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆ వాదనకు కాలం చెల్లింది. ఫ్లోరిడాలోని టాంపా బే 2004, 2020, 2021లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. అదే రాష్ట్రంలోని పాంథర్స్ 2024లో, 2025లో గెలిచింది. ఎడారి ఊరైన లాస్ వెగాస్ జట్టు 2017-18లో ఆడిన మొదటి సీజన్‌లోనే ఫైనల్‌కి వెళ్ళింది, 2023లో కప్పు తెచ్చుకుంది.

గెలుపు వేరు, గిట్టుబాటు వేరు అంటారా? నిజమే. అందుకే మీ నోట్‌లో ఎక్కువ చోటు అరిజోనాకి ఇవ్వండి.

1996లో విన్నిపెగ్ నుంచి ఫీనిక్స్‌కి తరలిన కొయోటీస్ జట్టు 2003 చివర్లో గ్లెండేల్‌లో కట్టిన కొత్త అరీనాకి మారింది. అరీనాకి వంక పెట్టడానికి లేదు, అది ఉన్న చోటుతోనే చిక్కంతా. గ్లెండేల్ ఆ మహానగరానికి పడమటి వైపున ఉంది. టికెట్లు కొనే జనం ఎక్కువగా ఉండేది తూర్పున, స్కాట్స్‌డేల్, టెంపీ వైపు. వారం మధ్యలో సాయంత్రం ఆట ఉంటే ఆఫీసు నుంచి నేరుగా బయల్దేరి, రద్దీలో ఊరంతా దాటుకుని వెళ్ళాలి. ఏడాదికి నలభై ఆటలకి ఎవరు వెళ్తారు చెప్పండి? 2009లో యజమాని దివాలా పిటిషన్ వేశాడు. చివరికి లీగే జట్టును కొనుక్కోవలసి వచ్చింది. కొన్నేళ్ళకి గ్లెండేల్ నగరం లీజు పొడిగించేది లేదంది. 2022 నుంచి రెండు సీజన్లు అరిజోనా స్టేట్ యూనివర్సిటీ అరీనాలో, ఐదు వేల లోపు సీట్ల మధ్య నెట్టుకొచ్చారు. టెంపీలో సొంత అరీనా కడతామంటే 2023 మేలో అక్కడి ఓటర్లు వద్దన్నారు. 2024లో జట్టు యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీకి వెళ్ళిపోయింది.

ఇంత గందరగోళం మధ్యే స్కాట్స్‌డేల్‌లో పెరిగి, ఆ జట్టు ఆటలు చూస్తూ హాకీ నేర్చుకున్న ఆస్టన్ మాథ్యూస్‌ని, జట్లు వంతుల వారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2016లో అందరికంటే ముందు టొరంటో ఎంచుకుంది. పిల్లలు ఆట నేర్చుకున్నారు, పెద్దలు లీజు కుదుర్చుకోలేకపోయారు!

అట్లాంటా కూడా ఇలాంటిదే. 1980లో ఒక జట్టు కాల్గరీకి, 2011లో మరొకటి విన్నిపెగ్‌కి పోవడంతో 'అట్లాంటాకి హాకీ అచ్చిరాదు' అన్న మాట స్థిరపడిపోయింది. కానీ ఆ రెండో జట్టు ఆడిన 11 సీజన్లలో ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది ఒక్కసారే. పైగా యజమానులు తమలో తామే ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ పరిస్థితిలో ఏ ఊరి జనమైనా మొహం చాటేస్తారు. ఇప్పుడు మళ్ళీ ఆ ఊరి పేరు వినిపిస్తోంది. అరీనా ప్రతిపాదనలు ఉత్తర శివార్లలో వచ్చాయి, మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫోర్సైత్ కౌంటీలో కూడా.

ఇక డబ్బు సంగతి. నోట్ చదివేవాళ్ళు మీ పట్టు చూసేది ఇక్కడే. 1967లో లీగ్ ఆరు జట్ల నుంచి పన్నెండుకి పెరిగినప్పుడు ఒక్కో కొత్త జట్టు లీగ్‌లో చేరడానికి కట్టిన రుసుము 20 లక్షల డాలర్లు. వెగాస్ కట్టింది 50 కోట్ల డాలర్లు, సియాటెల్ 65 కోట్లు. వెగాస్ సొమ్మును అప్పటి 30 జట్లు పంచుకుంటే తలా కోటీ అరవై ఏడు లక్షల డాలర్ల దాకా వచ్చినట్టు. హాకీ ఆదాయంలో ఆటగాళ్ళకి సగం వాటా ఉంటుంది గానీ ఈ రుసుము ఆ లెక్కలోకి రాదు, మొత్తం యజమానులదే. కొత్త జట్లంటే వాళ్ళకి అంత ముద్దు ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

అయితే రుసుము ఒక్కసారే వస్తుంది. జాతీయ టీవీ ఆదాయాన్ని 32 మందికి బదులు 34 మంది పంచుకోవడం మాత్రం ఏటా ఉంటుంది. ఒక్కో జట్టు వాటా దాదాపు 6 శాతం తగ్గుతుంది. కొత్త ఊళ్ళు ఆ 6 శాతానికి మించి టీవీ ఒప్పందం విలువ పెంచగలవా అన్నదే అసలు లెక్క. కెనడాలోని క్యూబెక్ సిటీ కొత్త జట్టు కోసం ఎందుకు ఎదురుచూస్తూనే ఉందో కూడా దీంతోనే తేలిపోతుంది. 1995లో జట్టును డెన్వర్‌కి పోగొట్టుకున్న ఆ ఊళ్ళో 2015లోనే కొత్త అరీనా తెరిచారు. అభిమానానికి కొదవ లేదు. కానీ కెనడా ప్రేక్షకులు ఎలాగూ చూస్తూనే ఉన్నారు, కొత్తగా చేరే కళ్ళు తక్కువ. టికెట్ల ఆదాయమేమో కెనడా డాలర్లలో, ఆటగాళ్ళ జీతాలేమో అమెరికా డాలర్లలో. టెక్సాస్‌లోని హ్యూస్టన్ లాంటి పెద్ద టీవీ మార్కెట్‌తో పోలిస్తే క్యూబెక్ సిటీ తేలిపోతుంది. అన్యాయమే అనిపిస్తుంది నాకు, లెక్క మాత్రం అదే.

మహిళల లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ గురించి కూడా ఒక పేరా రాయండి, మిగతావాళ్ళు రాసే అవకాశం తక్కువ. 2024 జనవరిలో ఆరు జట్లతో మొదలైంది. రెండో సీజన్‌లో తమ జట్లు లేని తొమ్మిది ఊళ్ళలో ఆటలు పెట్టి జనం ఎంతమంది వస్తారో చూసుకున్నారు. తర్వాత ఆ ఊళ్ళలోంచే వాంకూవర్, సియాటెల్‌లను చేర్చుకున్నారు. అక్కడ అన్ని జట్లకూ యజమాని లీగే కాబట్టి రుసుము ఆశ అడ్డు రాదు.

ఇప్పుడు మీ ఉద్యోగం విషయం. కొత్త జట్టు ఆటగాళ్ళకంటే ముందు ఆఫీసు సిబ్బందిని తీసుకుంటుంది. సియాటెల్‌లో 2018 మార్చిలో సీజన్ టికెట్ల డిపాజిట్లు తెరిస్తే 12 నిమిషాల్లో పదివేలు దాటాయి. జట్టు ఖాయమైంది ఆ డిసెంబరులో, తొలి ఆట ఆడింది 2021 అక్టోబరులో. ఆ మధ్య కాలమంతా టికెట్లు, స్పాన్సర్లు, అరీనా పనులు చూసినవాళ్ళకి ఉద్యోగం ఉన్నట్టే కదా. కొత్తగా చేరినవాళ్ళు త్వరగా పైకి రావడం కూడా ఇలాంటి చోటే జరుగుతుంది.

కానీ నాన్నగారి భయం ఉత్తదేం కాదు. అరిజోనా జట్టు తరలినప్పుడు ఒప్పందంలో యూటాకి వెళ్ళింది ఆటగాళ్ళు, కోచ్‌లు, హాకీ విభాగం. టికెట్లు అమ్మేవాళ్ళ ఖాతాదారులేమో ఫీనిక్స్‌లో ఉంటారు, వాళ్ళని మూట కట్టుకుని వెళ్ళలేరు. మీ పరిస్థితిలో ఇంకో ముడి ఉంది. ఓపీటీ (చదువు అయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసే అనుమతి) 12 నెలలే, అందులో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. క్రీడా జట్లలో తొలి మెట్టు సాధారణంగా ఇన్‌సైడ్ సేల్స్. అంటే ఆఫీసులో కూర్చుని టికెట్లు అమ్మడం, రోజంతా ఫోన్లు, కొద్దిపాటి జీతం, పైన కమిషన్. అనుభవానికి మంచిదే. ఏ డిగ్రీ ఉన్నా సరిపోయే పని కాబట్టి దాని మీద హెచ్1బీకి స్పాన్సర్ చేయించుకోవడం మాత్రం కష్టం.

అందుకని టికెట్ల ధరలు నిర్ణయించే విభాగం, డేటా విశ్లేషణ వైపు గురిపెట్టండి. డేటాబేస్‌ల నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ రాకపోతే ఈ సెమిస్టర్‌లోనే నేర్చుకోండి. ఆ నైపుణ్యం జట్టు తరలిపోయినా ఇంకో ఆటలో, ఇంకో రంగంలో పనికొస్తుంది. మీ ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం) మీద ఉన్న సీఐపీ కోడ్, అంటే మీ కోర్సు కోడ్, సైన్స్-టెక్నాలజీ కోర్సుల స్టెమ్ జాబితాలో ఉందో లేదో ఈ వారంలోనే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగండి. ఉంటే మరో 24 నెలలు కలిసొస్తాయి, యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉంటేనే సుమా. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సులు చాలావరకు ఆ జాబితాలో ఉండవు, కాబట్టి ముందే తెలుసుకోవడం మేలు.

ఏ జట్టు ఇంటర్వ్యూకి వెళ్ళినా అరీనా జట్టు సొంతమా, అద్దెదా, లీజు ఎన్నేళ్ళుందో అడగడానికి మొహమాటపడకండి. పరిశ్రమ తెలిసినవాడే వేసే ప్రశ్న అది, మార్కులు పోవు. ఓపీటీకి కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఫర్ వచ్చాక చూద్దామని ఆగొద్దు, దరఖాస్తుకి ఆఫర్ లెటర్ అక్కర్లేదు.