పీటర్ గన్ డీవీడీలు కొనే ముందు

చిరంజీవి లలితకు,

మావయ్య ఆశీస్సులు. పీటర్ గన్ అనే పాత అమెరికన్ డిటెక్టివ్ సీరియల్ డీవీడీల సంగతి అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. ఎవరో గిటార్ మీద వాయిస్తుంటే ఆ ట్యూన్ విని, ఇదెక్కడిదా అని వెతుక్కుంటూ ఈ సీరియల్ దాకా వచ్చానన్నావు కదా, మంచి దారినే వచ్చావు. చాలామందికి సీరియల్ తెలియదు, ట్యూన్ మాత్రం తెలుసు.

1958 సెప్టెంబర్ 22న ఇక్కడ అమెరికాలో ఎన్‌బీసీలో మొదలైంది. మన ఢిల్లీలో టీవీ ప్రయోగం మొదలవడానికి ఇంకా ఏడాది ఉంది. రెండేళ్లు ఎన్‌బీసీలో, చివరి ఏడాది ఏబీసీలో, మొత్తం 114 ఎపిసోడ్లు. ఒక్కోటి అరగంట స్లాట్, ప్రకటనలు తీసేస్తే పాతిక నిమిషాల పైచిలుకు. ముందు ఈ లెక్క గుర్తుపెట్టుకో, కొనేటప్పుడు పనికొస్తుంది. పెట్టె మీద 'బెస్ట్ ఆఫ్' అనో, పదహారు ఎపిసోడ్లనో ఉంటే దాని జోలికి వెళ్లకు. 2012లో టైమ్‌లెస్ మీడియా వాళ్లు మొత్తం 114 ఎపిసోడ్లూ కలిపి 12 డిస్కుల సెట్ తెచ్చారు. అదే వెతుకు. బొమ్మ అన్నింటిలో ఒకేలా ఉండదు. కొన్ని నిగనిగలాడుతుంటాయి, కొన్ని మసకగా, గీతలతో ఉంటాయి. అరవై ఏళ్లు దాటిన ఫిల్ము, అందుకు సిద్ధపడే కొనుక్కో.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే అమ్మేవాడిని రెండు అడుగు: డిస్కులు పన్నెండూ ఉన్నాయా, వాటి అడుగు వైపు ఫోటో పంపగలవా అని. పెట్టె ఫోటో ఎంత అందంగా ఉన్నా దాంతో మనకి పని లేదు. ఇంటికి రాగానే బీరువాలో దాచేయకు. వెనక్కి పంపే గడువు దాటకముందే ప్రతి డిస్కూ వేసి చూడు. మొదటి ఎపిసోడ్ ఆడింది కదా అని సరిపెట్టుకోవద్దు. ఒక్కో డిస్కులో తొమ్మిది పది ఎపిసోడ్లు, అంటే సుమారు నాలుగు గంటల బొమ్మ. అంత పట్టాలంటే రెండు పొరల డిస్కు కావాలి. ప్లేయర్ మొదటి పొరని లోపలి నుంచి అంచు దాకా చదివి, అక్కడ రెండో పొరకి మారి, మళ్లీ లోపలికి వస్తుంది. వేలిముద్రలూ గీతలూ ఎక్కువ పడేది అంచు దగ్గరే. కాబట్టి బొమ్మ ఆగిపోతే సాధారణంగా డిస్కు మధ్యలో, నాలుగు అయిదు ఎపిసోడ్ల దగ్గర ఆగుతుంది. అక్కడ ఓ పది నిమిషాలు నడిపించి చూడు. తుడవాల్సి వస్తే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడువు, గుండ్రంగా తిప్పకు.

ఇక రీజియన్ గోల. ఏ దేశాల డిస్కులు ఆ దేశాల ప్లేయర్లలోనే ఆడేలా కంపెనీలు పెట్టిన నంబరే రీజియన్. అమెరికా డిస్కులు రీజియన్ 1, మన దేశానిది 5. విజయవాడలో మామూలు ప్లేయర్‌లో వేస్తే 'ఈ డిస్కు ఆడదు' అని రావచ్చు. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఒకటి చూసుకో, అదేమంత ఖరీదు కాదు. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చి చూద్దామనుకుంటావేమో, ఆ మార్పు అయిదుసార్లే కుదురుతుంది. అయిదోసారి ఏది పెడితే అదే శాశ్వతం. మీవాడికి ముందే చెప్పు, వాడు ప్రయోగాల మనిషి. ఎన్‌టీఎస్‌సీ, పాల్ అంటూ, అమెరికా టీవీ పద్ధతి వేరు, మనది వేరు అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకు. ఇప్పటి ఫ్లాట్ టీవీలు రెండూ చూపిస్తాయి.

అసలు విషయం టీవీ సెట్టింగులు. ఈ సీరియల్ అందమంతా చీకట్లో ఉంది లలితా. తడిసిన వీధులు, సిగరెట్ పొగ, సగం ముఖం మీదే పడే వెలుగు, వెనకాల కటిక చీకటి. ఆ నలుపు నలుపుగా కనిపించకపోతే డబ్బు దండగ. దుకాణంలో మెరిపించడానికి పెట్టిన 'వివిడ్' మోడ్ తీసేసి 'సినిమా' మోడ్ పెట్టు. కదలికని నున్నగా చేసే సెట్టింగు ఒకటుంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. అది ఉంటే పాత ఫిల్ము కూడా నిన్నటి డైలీ సీరియల్లా కనిపిస్తుంది. ముందు దాన్ని ఆపెయ్. షార్ప్‌నెస్ బాగా తగ్గించు. నాయిస్ రిడక్షన్ కూడా వద్దు, అది పాత ఫిల్ము మీద సహజంగా ఉండే సన్నటి గింజలాంటి చుక్కలతో పాటు ముఖాల మీది గీతల్ని కూడా తినేస్తుంది. కలర్ సున్నాకి తెచ్చేయ్, కొన్ని డిస్కుల్లో నలుపు తెలుపు మీద పచ్చగానో ఎర్రగానో పడే లేత ఛాయ పోతుంది. బ్రైట్‌నెస్‌కి ఓ గుర్తు చెబుతాను. గన్ నల్ల సూటు వేసుకుని చీకటి గోడ ముందు నిలబడినప్పుడు సూటు అంచు, గోడ లీలగా విడివిడిగా తెలియాలి. రెండూ కలిసిపోతే ఒక మెట్టు పెంచు, గోడ బూడిద రంగులోకి తిరిగితే తగ్గించు. గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేసి ఈ పని చెయ్యి.

బొమ్మ తెర మధ్యలో కొంచెం చదరంగా వస్తుంది, రెండు పక్కలా నల్లటి ఖాళీ. అప్పటి టీవీ కొలత నాలుగుకి మూడు. ఇంత పెద్ద టీవీ కొన్నది ఆ ఖాళీలు చూడ్డానికా అని మీ ఆయన అనడం ఖాయం. అన్నా సరే సాగదీయకు. సాగదీస్తే గన్‌కి స్నేహితుడైన పోలీసు లెఫ్టినెంట్ జాకొబీ బక్కపలచని దిగులు ముఖం కాస్తా పూరీలా ఉబ్బిపోతుంది. జూమ్ చేస్తే తలలు తెగుతాయి.

సౌండ్ మోనో, అంటే స్పీకర్లన్నింటిలో ఒకే శబ్దం. సరౌండ్ ఎఫెక్టులన్నీ ఆపేసి, వీలైతే టీవీ స్పీకరు కాకుండా విడి స్పీకర్లు పెట్టు. ఎందుకంటే ఇందులో సగం కథ సంగీతమే చెబుతుంది. సంగీతం ఇచ్చిన హెన్రీ మాన్సినికి ఈ పని దొరికిన తీరు వింటే నవ్వొస్తుంది. యూనివర్సల్ స్టూడియోలో ఉద్యోగం పోయింది. లోపలికి వెళ్లే పాస్ మాత్రం ఇంకా ఉంది. జుట్టు కత్తిరించుకుందామని స్టూడియో మంగలి షాపుకి వెళ్తే అక్కడ బ్లేక్ ఎడ్వర్డ్స్ కనిపించాడు. మాటల్లో, టీవీకి డిటెక్టివ్ సీరియల్ తీస్తున్నాను, చేస్తావా అన్నాడు. ఆ సంగీతంతో వచ్చిన రికార్డుకి 1959లో మొట్టమొదటి గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది. నువ్వు విన్న ట్యూన్‌లో కింద మొదటి నుంచి చివరిదాకా మారకుండా తిరిగే ముక్క ఉంది చూడు, అందులో పియానో వాయించింది జాన్ విలియమ్స్. తర్వాత స్టార్ వార్స్‌కి సంగీతం ఇచ్చింది ఆయనే.

చూసే పద్ధతి కూడా చెబుతాను. మొదటి ఎపిసోడ్ 'ది కిల్' నుంచే మొదలుపెట్టు. టైటిల్స్ కంటే ముందే నేరం జరిగిపోతుంది, ఆ తర్వాత సంగీతం అందుకుంటుంది. ఆ రెండు నిమిషాల్లో కూరకి తాలింపు వేసొస్తానని లేవకు. మన డిటెక్టివ్ నవలలు చదివినవాళ్లం కాబట్టి హంతకుడెవరో చివరి పేజీ దాకా ఊహించడం మనకి అలవాటు. ఇక్కడ ఆ చిక్కుముడి పెద్దగా ఉండదు, కథలు పలచనే. నిజం చెప్పాలంటే కొన్ని మరీ పలచన. చూడాల్సింది మనుషుల్ని. గన్ కబురు కోసం రోజుకో వింత మనిషి దగ్గరికి వెళ్తాడు. వాళ్లతో మాట్లాడే రెండు నిమిషాలే నాకు అసలు కథకంటే ఇష్టం. గన్‌గా వేసిన క్రెయిగ్ స్టీవెన్స్ గొంతు పెంచడు, కంగారు పడడు. హెర్షెల్ బెర్నార్డి వేసిన జాకొబీకి మాత్రం ఎప్పుడూ నిద్ర చాలనట్టే ఉంటుంది. మదర్స్ అనే క్లబ్బు యజమానురాలిగా మొదటి ఏడాది హోప్ ఎమర్సన్ వేసింది, రెండో ఏడాది మినర్వా యురెకల్ వచ్చింది. నాకు మొదటావిడే మదర్. ఆ క్లబ్బులో పాడే ఈడీగా లోలా ఆల్‌బ్రైట్ తన గొంతుతోనే పాడింది. అంత బాగా పాడే మనిషికి మిగతా పనల్లా గన్ కోసం ఎదురుచూడడమే. నీకు చిరాకేస్తుంది, వేయాలి కూడా.

రాత్రికి ఒకటి, మహా అయితే రెండు. వారానికొకటి చూసేవాళ్ల కోసం తీసినవి. వరసగా అయిదు చూస్తే గన్ తల మీద దెబ్బ తినడం, చీకటి సందులో తుపాకులు పేలడం అన్నీ ఒకటే అనిపించి విసుగొస్తుంది. అప్పుడు తప్పు సీరియల్ది కాదు. మాటలు వేగంగా, అప్పటి వీధి ఇంగ్లీషులో ఉంటాయి, అందుకని సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో కొనేముందే అమ్మేవాడిని అడుగు.

డిసెంబర్లో మీ అత్తయ్యా నేనూ వస్తున్నాం. సెట్ ఇక్కడే కొని సూట్‌కేసులో తెమ్మంటే తెస్తాను, పోస్టు ఖర్చు మిగులుతుంది. అలాగైతే ఇక్కడే డిస్కులన్నీ వేసి చూసి మరీ తెస్తాను. ప్లేయర్ మాత్రం అక్కడే చూసుకో. ఏ సంగతీ నవంబర్ మొదటివారంలోపు చెప్పు.

ఉంటాను,
మావయ్య