వంకర బొంగరాన్ని పారేయనివ్వకు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

నీ ఒకటో తరగతి పిల్లల చేత బొంగరాలు చేయించాలని ఉందనీ, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశావు. మొదటి రోజు అట్టలు, కత్తెరలు బయటికి తీయకు. మేకు దిగిన తాడు బొంగరం ఆ వయసు చేతులకు తగదు కనుక, ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క రంగులు పట్టించే, వేళ్లతో తిప్పే చిన్న బొంగరాలు నాలుగు రకాలు తెచ్చి గచ్చు మీద పెట్టి, వాళ్లు తిప్పుతూ ఏమేమి అనుకుంటారో వింటూ కూర్చో. (మీ విజయవాడకు కొండపల్లి దగ్గర కదా అని అక్కడికి పరుగెత్తకు, ఆ తెల్లపొణికి బొమ్మలు చూడముచ్చటైనవే గాని తిరగడానికి చేసినవి కావు.)

రెండో రోజు పాత నోటుపుస్తకాల అట్టలు, చెక్కి చెక్కి పొట్టివైపోయిన పెన్సిళ్లు చాలు. గుండ్రంగా కత్తిరించిన బిళ్ల మీద నడిమధ్య అనుకున్నచోట ఎవరి చుక్క వాళ్లనే పెట్టమని, దబ్బనంతో రంధ్రం మాత్రం నువ్వే చేసి ఇవ్వు. సగం మంది చుక్కలు పక్కకు పోతాయి. ఆ రంధ్రంలో పెన్సిలు దూర్చి తిప్పితే బరువు ఒకవైపు ఎక్కువై బొంగరం ఊగిసలాడి పడిపోతుంది. అప్పుడు నీ చేయి దురద పెడుతుంది, సరిచేయకు. నేను తొలిసారి వృత్తలేఖినితో ముందే కేంద్రాలు గుర్తించి ఇచ్చాను. అన్నీ చక్కగా తిరిగాయి, పది నిమిషాల్లో పిల్లలకు విసుగు వచ్చింది, అడగడానికి వాళ్లకు ఒక్క ప్రశ్నా మిగల్లేదు. వంకరగా తిరిగినవాటిని పేర్లు రాసి కిటికీలో దాచి, మర్నాడు బిళ్లంత గుండ్రటి కాగితాన్ని రెండుసార్లు సగానికి మడతపెట్టి విప్పమని చెప్పు. గీతలు కలిసేచోటును ఎవరో ఒకరు తమ చుక్కతో పోల్చి చూసుకుంటారు.

తర్వాత బిళ్లను పెన్సిలు మీద పైకీ కిందికీ జరిపి తిప్పమను. పైన ఉంటే త్వరగా ఒరుగుతుందనీ, మొనకు దగ్గరైతే నిలదొక్కుకుంటుందనీ వాళ్లే చెబుతారు. బంకమట్టి ఉండలు నాలుగింటిని ఎదురెదురుగా అంచున అంటించి ఒకసారి, వాటినే పెన్సిలు దగ్గరికి జరిపి ఒకసారి తిప్పిస్తే, అంచున బరువున్నదే చాలాసార్లు ఎక్కువసేపు తిరుగుతుంది. గడియారం వద్దు, తరగతి అంతా కలిసి అంకెలు లెక్కపెడితే చాలు. చాప మీదా, బోర్లించిన స్టీలు పళ్లెం మీదా తిప్పిస్తే రాపిడి సంగతీ తేలుతుంది. రంగులు చివరికి ఉంచు, లేకపోతే మిగతాది ఎవరూ పట్టించుకోరు. ఎరుపు, పసుపు ముక్కలు మార్చి మార్చి వేసిన బిళ్ల తిరిగేటప్పుడు నారింజ రంగులో కనిపిస్తుంది.

నా పాత దబ్బనం ఇంకా పదునుగానే ఉంది. ఆదివారం వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

ఇట్లు,
మీ అత్తయ్య