జాతీయ సర్వేల్లో మార్కులు పెరిగితే మా ఊరి బడి బాగుపడినట్టేనా?

కాదండీ. ఆ సర్వేలు కొలిచేది మీ బడిని కాదు. చిత్తూరు జిల్లాలో తమిళనాడు సరిహద్దు మండలంలో ప్రైమరీ టీచర్‌గా పనిచేస్తున్నాను, చూసిందే చెబుతున్నా.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2005లో మొదలైంది. జిల్లాకు 30 పల్లెలు, పల్లెకు 20 ఇళ్లు, అంతే. ఇంటికే వచ్చి పిల్లల చేత రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు, తీసివేత, భాగహారం చేయిస్తారు. కేంద్రం జరిపేది వేరు, ఎంపిక చేసిన బళ్లలో పెట్టే పరీక్ష. 2021లో న్యాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే) పేరుతో 3, 5, 8, 10 తరగతులకు, 2024 డిసెంబరులో పరఖ్ పేరుతో 3, 6, 9 తరగతులకు పెట్టారు. డబ్బు, శిక్షణ ఎక్కడ పెట్టాలో ప్రభుత్వానికి తెలియాలంటే ఇవి ఉండి తీరాలి. కానీ మీ ఊరి ఐదో తరగతిలో ఎవరికి చదవడం రాదో వాటికెలా తెలుస్తుంది?

పిల్లల పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. మా నాలుగో తరగతి పాప 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసింది. ఎలా చేశావమ్మా అంటే, "రెండులోంచి ఏడు పోదు కదా సార్, అందుకే ఏడులోంచి రెండు తీసేసినా" అంది. పేపర్ దిద్దేవాళ్లకు అది ఒట్టి తప్పు, నాకు మాత్రం ఆ పాపకు పదుల స్థానం అర్థం కాలేదని అప్పుడే తెలిసింది, చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించి, ఒక కట్ట విప్పి తీసేయమన్నాక దారిలో పడింది. ఇంట్లో తమిళం మాట్లాడే ఇంకో పిల్లాడు లెక్కను తెలుగులో చదివి బిక్కమొహం వేశాడు, అదే లెక్క తమిళంలో చెబితే టక్కున జవాబు చెప్పేశాడు. అలాంటివాణ్ని లెక్కల్లో వెనకబడ్డాడని రాసుకోవడం ఎంత అన్యాయం!

ఇంకోటి, మార్కులు తగ్గితే మెమో వస్తుందనే టెన్షన్ ఉన్నచోట అసలు సంగతి పైకి రాదు. పరీక్ష దగ్గరపడితే ఓఎంఆర్ షీట్‌లో గుండ్రాలు దిద్దించడమే చదువైపోతుంది. తగ్గినచోటికి సంజాయిషీ నోటీసు బదులు ఒక మంచి టీచర్‌ని పంపితే ఎవరూ దాచరు, పిల్లలకీ మేలు.

పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు పర్సంటేజీ అడగొద్దు. మీ పిల్లలు ఎప్పుడూ చూడని కథ ఒకటి తీసుకెళ్లి అక్కడే చదివించండి. పాఠ్యపుస్తకం వద్దు, అది చాలామందికి కంఠతా వచ్చేసి ఉంటుంది.