నాక్టిలూకా అల: చివర ఎర్రబడటం, మొదట్లో మినుకుమనడం

సముద్రంలో నీలంగా మెరిసే సూక్ష్మజీవి నాక్టిలూకా. దాని అలలా మీరు ఎల్‌ఈడీ స్ట్రిప్‌తో చేసిన దీపం చివర ఎందుకు ఎర్రబడుతోంది, మొదట్లో ఎందుకు మినుకుమంటోంది అని అడిగారు. రెండూ వేర్వేరు జబ్బులండీ. 300 ఎల్‌ఈడీల డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్‌కి తెలుపు పెడితే చివర ఎర్రబడుతోందంటే అది వోల్టేజ్ డ్రాప్, అంటే స్ట్రిప్ పొడవునా వోల్టేజ్ తగ్గిపోవడం. నీలం, ఆకుపచ్చ చిప్‌లకు సుమారు 3 వోల్టులు కావాలి, ఎరుపుకి 2 చాలు. అందుకే ముందు నీరసించేది నీలమే. అదే సప్లై నుంచి 1.5 చదరపు మి.మీ. వైరుతో రెండు చివరలా, మధ్యలోనూ పవర్ ఇవ్వండి. ఒక్కో ఎల్‌ఈడీకి 60 మిల్లీఆంపియర్లు, ఫుల్ తెలుపులో మొత్తం 18 ఆంపియర్లు. మీ 10 ఆంపియర్ల సప్లై మార్చనక్కర్లేదు, కోడ్‌లో పరిమితి 8 పెట్టండి. నాక్టిలూకా మెరుపు నీలం, దానికి ఫుల్ తెలుపుతో పనేముంది?

మినుకుమనడం డేటా తంటా. స్ట్రిప్‌ని నడిపే ఈఎస్‌పీ32 బోర్డు ఇచ్చేది 3.3 వోల్టులు, స్ట్రిప్ అడిగేది కనీసం 3.5. మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 లెవెల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజ్ పెంచే చిప్), మొదటి ఎల్‌ఈడీ దగ్గర డేటా వైరులో 330 ఓమ్‌ల రెసిస్టర్ వేయండి. బోర్డుకీ సప్లైకీ గ్రౌండ్ కలిపారా? చాలామంది మరిచేది అదే.

మీరు అడగలేదు గానీ, మీ వీడియోలో ఆ దీపం పెళ్లిపందిరి సీరియల్ సెట్టులా ఉంది. 3 మి.మీ. మందం ఓపల్ (పాలరంగు) అక్రిలిక్‌ షీటుని ఎల్‌ఈడీలకు 25 మి.మీ. ఎడంగా బిగించండి. అసలు జీవి మెరుపు సెకనులో పదోవంతు మాత్రమే. 20 మిల్లీసెకన్లలో వెలిగించి 150లో ఆర్పి చూడండి. వెలిగే, ఆరే సమయాలు సమానంగా పెడితే ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది.