చదువు పెరిగిన కొద్దీ పెరిగిన నా ఓట్లు

అడిగినవి రెండు విషయాలు. చదువులో మీకు గుర్తుండిపోయిన మైలురాళ్లు ఏవి, ఓటు వేసే పద్ధతి మారాలని మీకు అనిపిస్తే ఎందుకు. నా వరకు ఇవి రెండూ విడదీసి చెప్పలేనివి. నాకు చదువు పెరిగినప్పుడల్లా ఓటు కూడా పెరిగింది. మాట వరసకు అనడం లేదు, రాష్ట్రాల శాసన మండళ్ల గురించి చెప్పే రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారమే పెరిగింది.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతున్నాను. మొదటి ఓటు అందరిలాగే 18 నిండాక, 2009 ఏప్రిల్‌లో వేశాను. అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఒకే రోజు ఎమ్మెల్యేకి ఒకటి, ఎంపీకి ఒకటి. రెండు మెషీన్లు చూసి ఏ బటన్ ఎక్కడ నొక్కాలో టెన్షన్ పడ్డాను తప్ప, వేరే ఆలోచన రాలేదు.

2010లో డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. మా నాన్న మెమో జిరాక్స్ తీయించి లామినేషన్ చేయించి గోడకు తగిలించాడు. ఒరిజినల్ లామినేషన్ చేయించనందుకు ఇప్పటికీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను. చేయించి ఉంటే ప్రతి వెరిఫికేషన్‌లో నా పని అయిపోయేది.

డిగ్రీ అయ్యాక మూడేళ్లు గడిస్తే శాసన మండలి పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటు వస్తుంది. మండలిలో పన్నెండో వంతు సీట్లు పట్టభద్రులవి, ఇంకో పన్నెండో వంతు టీచర్లవి. తెలంగాణ మండలిలో ఉన్న 40 సీట్లలో ఇవి మూడు, అవి మూడు. మాకు వచ్చింది నల్గొండ-ఖమ్మం-వరంగల్ సీటు. 2015 ఎన్నికకు ఫారం 18 నింపి, సర్టిఫికెట్ జిరాక్స్ మీద గెజిటెడ్ సంతకం పెట్టించి ఇచ్చాను. (ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను: ఈ జాబితా ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తారు. పోయినసారి నా పేరుంది కదా అని కూర్చుంటే ఓటు పోయినట్టే.)

ఓటు వేసి ఇంటికొస్తే అమ్మ నా వేలి మీద సిరా చూసి అడిగింది.

"గిదేం ఎలచ్చన్ బిడ్డా? నాకు చీటీ రాలే?"

"డిగ్రీ చదివినోళ్లకు అమ్మా."

"డిగ్రీ చదివినోళ్లకు వేరే ఓటా? మరి నాది?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మ చదివింది మూడో తరగతి. ఓటు వయసు ఇంకా 21 ఉన్న రోజుల్లో, 1985లో మొదటిసారి వేసింది. అప్పటి నుంచి ఒక్క ఎన్నికా వదల్లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం మండలిని రద్దు చేయించింది కూడా ఆ 1985లోనే. మళ్లీ 2007లో తెచ్చారు. అంటే అమ్మ ఓటు వేయడం మొదలుపెట్టాక ఇరవై ఏళ్లకు పైగా ఈ రాష్ట్రంలో ఎవరి డిగ్రీకీ వేరే ఓటు లేదు. దానివల్ల ఏం ఆగిపోయిందో నాకైతే కనిపించలేదు.

అలాగని ఆ రోజు ఓటు వేయడం నాకు నచ్చలేదని కాదు. భలే నచ్చింది. బటన్ ఉండదు, కాగితం. పార్టీ గుర్తులుండవు. వాళ్లిచ్చిన వంకాయ రంగు స్కెచ్ పెన్నుతో నచ్చినవాళ్ల పేరు పక్కన 1 వేయాలి. ఆ తర్వాత ఇష్టముంటే 2, 3, ఇలా ఎంతమందికైనా వేసుకోవచ్చు. చెల్లిన ఓట్లలో సగం కంటే ఒక్కటి ఎక్కువ వచ్చినవాళ్లు గెలిచినట్టు. ఎవరికీ అన్ని రాకపోతే చివరన ఉన్నవాళ్లను తీసేసి, వాళ్ల కాగితాల మీద 2 ఎవరికుందో చూసి ఆ ఓట్లు వాళ్లకు కలుపుతారు. దీన్నే ప్రాధాన్య ఓటు అంటారు. మనం ఇష్టపడ్డ మనిషి చిన్నవాడైనా ఓటు వృథా అవుతుందనే బెంగ ఉండదు. పీహెచ్‌డీ టాపిక్ కూడా దీని మీదే తీసుకున్నాను. లెక్చరర్ అర్హతకు రాసే నెట్ పరీక్ష రెండోసారికి వచ్చింది, థీసిస్ ఏళ్లకేళ్లు తిన్నది. మధ్యలో 2018లో లెక్చరర్ ఉద్యోగం. ఆ కథ అందరి పీహెచ్‌డీ కథలాంటిదే, వదిలేద్దాం.

2021 ఫిబ్రవరిలో వైవా, అంటే థీసిస్ మీద మౌఖిక పరీక్ష. కరోనా వల్ల ఆన్‌లైన్‌లో. బయటి యూనివర్సిటీ ఎగ్జామినర్ ఒకే ప్రశ్న అడిగారు: "చదువుకున్నవాళ్లు 1, 2, 3 వేస్తారు సరే, చదువు రానివాళ్లకు మీ పద్ధతి ఎలా అర్థమవుతుంది?" నేను ఓటర్లకు అవగాహన కల్పించాలని, దశలవారీగా తేవాలని, పట్టభద్రుల్లో ఇప్పటికే బాగా నడుస్తోందని ఏదో చెప్పాను. ఆయన తలూపారు. సాయంత్రం అందరూ పేరు ముందు డాక్టర్ అని పెట్టి మెసేజీలు పంపారు.

సరిగ్గా నెల తిరిగేసరికి ఆ జవాబు ఎంత డొల్లదో నాకే తెలిసొచ్చింది. 2021 మార్చి 14న మా నియోజకవర్గంలో పోలింగ్. 71 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపర్ న్యూస్‌పేపర్ అంత ఉంది. మడతపెట్టి డబ్బాలో వేయడమే ఒక పని. నాకు నల్గొండలో కౌంటింగ్ డ్యూటీ పడింది. 17న మొదలైన లెక్కింపు 20వ తేదీ దాకా సాగింది. అన్ని కాగితాలు విప్పి, కలిపి, కట్టలు కట్టడానికే గంటలు గంటలు పట్టింది. ఎవరికీ సగం దాటలేదు కాబట్టి చివరి నుంచి ఒక్కొక్కరినీ తీసేస్తూ, వాళ్ల కాగితాలు పంచుతూ పోయారు. షిఫ్టు దిగి పడుకుంటే కళ్లు మూసినా పేపర్లే.

ఏ కాగితం ఏ పార్టీదో చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ చెల్లని ఓట్ల గురించి చెప్పొచ్చు. అన్నీ డిగ్రీ పాసైనవాళ్లవే కదా. ఒకరు 1 వేయాల్సిన చోట టిక్కు పెట్టారు. ఇంకొకరు చక్కని దస్తూరీతో "ఒకటి" అని అక్షరాల్లో రాశారు, అంకె తప్ప అక్షరాలు చెల్లవు. ఇద్దరికి 1 వేసినవాళ్లున్నారు. 1 ఎవరికీ వేయకుండా 2 నుంచి మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. కొందరు కింద సంతకం పెట్టారు. ఉద్యోగాల నోటిఫికేషన్లు ఎప్పుడిస్తారని అడిగిన కాగితం చూసినప్పుడు మాత్రం నవ్వు రాలేదు, దాన్ని పక్కన పెట్టడానికి చేయి ఆడలేదు. మొత్తం మీద చెల్లని ఓట్లు ఇరవై వేలు దాటాయి. వైవాలో "పట్టభద్రుల్లో బాగా నడుస్తోంది" అన్నది నేనే!

ఇక చదువు రానివాళ్ల సంగతి. అమ్మ పొదుపు సంఘంలో 11 మంది. 2022 చలికాలంలో తూఫాన్ బండి మాట్లాడుకుని యాత్రకు పోదామనుకున్నారు. మా ఇంటి అరుగు మీదే పంచాయితీ. చేతులెత్తితే శ్రీశైలానికి 5, భద్రాచలానికి 4, యాదగిరిగుట్టకు 2. లీడరమ్మ శ్రీశైలం ఖాయం అన్నది. మిగతా ఆరుగురు గొడవ. ఘాట్ రోడ్డులో కడుపులో తిప్పితే ఎవరు చూసుకుంటారని ఒకామె, అంత దూరం నడుము పట్టేస్తుందని ఇంకొకామె. నేను ఒక్కొక్కరి దగ్గరకూ పోయి ఒకటే అడిగాను: "అది కాకపోతే ఏది?"

ఎవరూ ఒక్క క్షణం ఆలోచించలేదు. గుట్ట అన్న ఇద్దరూ భద్రాచలం అన్నారు. ఆరుకు అయిదు. భద్రాచలమే పోయారు. శ్రీశైలం జట్టులో ఒకామె మాత్రం "నీ చదువంత మమ్ముల శ్రీశైలం పోకుండ ఆపెతందుకేనా బిడ్డా" అని ఇప్పటికీ దెప్పుతుంది.

అన్నేళ్లు ఇంగ్లిషు పుస్తకాల్లో వెతికిన పద్ధతికి తెలుగులో పేరు అదే: అది కాకపోతే ఏది. మనకు ఇది కొత్త కాదు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడమంటే ఇదే కదా. డిగ్రీ అడ్మిషన్లకు మా కాలేజీలో ప్రతి ఏడూ దోస్త్ హెల్ప్‌లైన్ దగ్గర కూర్చుంటాను. పత్తి చేను వదిలి వచ్చిన తండ్రి కూతుర్ని పక్కన పెట్టుకుని "ముందు గది పెట్టు సార్, సీటు రాకపోతే గీ కాలేజీ, బస్సు సౌకర్యముంది" అని వరస పెట్టి చెబుతాడు. అతనికి ప్రాధాన్య ఓటు అర్థం కాదని నేను వైవాలో ఒప్పుకున్నాను. సిగ్గేస్తుంది. తప్పంతా కాగితానిది, సూచనలది. 71 పేర్లున్న పేపరు ఇచ్చి, టిక్కు పెడితే చెల్లదని పెద్దక్షరాల్లో చెప్పకపోతే డాక్టరేట్ వచ్చినవాడూ తప్పు చేస్తాడు.

ఇప్పుడు మన మామూలు ఎన్నిక ఎలా నడుస్తుందో చూడండి. 2023 తెలంగాణ అసెంబ్లీలో కాంగ్రెస్‌కు 39.4 శాతం ఓట్లకు 64 సీట్లు, బీఆర్ఎస్‌కు 37.4 శాతానికి 39. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా విచిత్రం. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లకు 23 సీట్లు. 2024లో వైసీపీకి అదే 39 శాతానికి 11. ఏ పార్టీ మీద ప్రేమతోనో కోపంతోనో చెప్పడం లేదు, రెండు వైపులా దెబ్బ తగిలింది చూడండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, వాదనలో చాలామంది దీన్ని కలిపేస్తారు. ప్రాధాన్య ఓటు వచ్చినంత మాత్రాన ఈ సీట్ల లెక్క సరికాదు. ఒక నియోజకవర్గంలో సగం మంది ఒప్పని మనిషి గెలవకుండా అది చాలావరకు ఆపుతుంది, అంతే. రాష్ట్రం మొత్తం మీద ఓట్లకు తగ్గట్టు సీట్లు రావాలంటే న్యూజిలాండ్ 1996 నుంచి చేస్తున్నట్టు పార్టీ జాబితా సీట్లు కలపాలి. మన లా కమిషన్ కూడా 1999లో ఆ దారి సూచించింది. రోగాలు రెండు, మందులు రెండు. అన్ని రకాలుగా నిక్కచ్చిగా ఉండే పద్ధతి ఉండదని అమెరికా ఆర్థికవేత్త కెనెత్ యారో 1951లోనే లెక్క కట్టి చూపించాడు కాబట్టి, లోపం లేనిదే కావాలని నేను పట్టుబట్టను. బ్రిటన్‌లో 2011లో ప్రాధాన్య ఓటు కావాలా అని జనాన్నే అడిగితే మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. ఆస్ట్రేలియాలో వందేళ్లకు పైగా అదే నడుస్తోంది.

మన దగ్గరా రాష్ట్రపతి ఎన్నిక ఇదే పద్ధతి. క్లాసులో పిల్లలు నిద్రపోతున్నప్పుడు 1969 కథ చెబుతాను. వి.వి. గిరికీ నీలం సంజీవరెడ్డికీ పోటీ, ఇద్దరూ తెలుగువాళ్లే. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548. గెలవాలంటే 4,18,169 కావాలి. రెండో ప్రాధాన్యాలు కలిపాక సంజీవరెడ్డి 4,05,427 దాకా వచ్చేశారు, గిరి 4,20,077తో గట్టెక్కారు. రెండో ప్రాధాన్యంతో తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే. దేశంలో పెద్ద పదవికి పనికొచ్చిన లెక్క మా ఊరి సర్పంచ్‌కు ఎందుకు పనికిరాదు?

నా అభిప్రాయం అదే. పట్టభద్రులకు, టీచర్లకు వేరే సీట్లు తీసేయాలి, వాళ్లు ఓటు వేసే పద్ధతిని మాత్రం ఊరికి ఇవ్వాలి. మొదట సర్పంచ్ ఎన్నికలోనే. అక్కడ ఇప్పటికీ పేపర్ బ్యాలెట్టే. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ ముగిస్తే రెండింటికి లెక్క మొదలుపెడతారు. వెయ్యి, రెండు వేల ఓట్లు, నలుగురైదుగురు అభ్యర్థులు, గుర్తులు ఎలాగూ ఉంటాయి. గుర్తు పక్కన గడి పెట్టి 1, 2, 3 వేయమనడమే. ఫోన్ నంబరు నొక్కగలిగిన మనిషి ఆ మూడు అంకెలు వేయలేదా? ఇంకో రెండు గంటలు ఆలస్యమవుతుంది, కానివ్వండి. మా ఊళ్లో ముగ్గురు పోటీ పడి, మూడోవంతు కంటే కొంచెం ఎక్కువ వచ్చినాయన గెలిచి, మిగతావాళ్లు అయిదేళ్లు ఆయనతో మాట్లాడని కాలం నేను చూశాను.

మైలురాళ్ల లెక్కలో ఒకటి మిగిలింది. సెకండరీ స్కూలుకు తగ్గని చోట మూడేళ్లు పాఠం చెబితే టీచర్ల నియోజకవర్గంలోనూ ఓటు వస్తుంది. ఇది ఫారం 19. వద్దనుకుంటూనే నింపాను. ఇన్ని మాటలు చెప్పి ఎందుకు నింపావంటే, ఉన్న ఓటు వదులుకోవడానికి మనసొప్పలేదు, అంతే. 2025 ఫిబ్రవరి 27న ఆ ఓటు వేసి ఇంటికి పోయాను. అమ్మ చిక్కుడుకాయలు గిల్లుతోంది. వేలు చూసింది.

"మల్ల ఎలచ్చనా?"

"టీచర్లది అమ్మా."

"మొన్న డిగ్రీలోళ్లది అంటివి?"

"అది వేరే, ఇది వేరే."

అప్పటికి మా ఊళ్లో సర్పంచ్ పదవీకాలం అయిపోయి ఏడాది దాటింది. స్పెషల్ ఆఫీసర్ పాలన నడుస్తుండేది, ఎన్నిక ఎప్పుడో అప్పుడు ఎవరికీ తెలియదు. అమ్మ ఇంకో కాయ తీసుకుని పీచు లాగింది.

"నీకైతే ఎన్ని ఓట్లయినయో. మా సర్పంచ్‌ది ఎప్పుడు పెడ్తరో జర అడిగి చెప్పు బిడ్డా."