తెడ్డు వేయకుండా పడవలో కూర్చోవడం కూడా ఒక ఆటేనా అక్కా?

బతుకమ్మకని హాలియా వచ్చి వారమైంది. విదేశాలకు చదువుకు వెళ్లే పిల్లలు నాకు రాసే సందేహాల్లో ఈసారి కూడా ఎప్పటిలాగే అద్దె ఇల్లు, సిమ్ కార్డు, ప్రెషర్ కుక్కర్ ఇక్కడి నుంచే తీసుకెళ్లాలా అనేవే ఎక్కువ, ఒక్కటి మాత్రం కొత్తది. అడిగిన తమ్ముడిది జడ్చర్ల దగ్గర పల్లె. ఎమ్మెస్సీకి ఇంగ్లాండ్ వెళ్లి మూడు వారాలైంది. యూనివర్సిటీలో క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని కొత్తవాళ్లను చేర్చుకునే రోజున, రోయింగ్ (తెడ్లతో పడవ పందేలు ఆడే) క్లబ్బు వాళ్లు, అందరూ ఆరడుగుల మనుషులు, ఇతన్ని చూడగానే నువ్వే కావాలి అని పట్టుకున్నారట. ఇతనేమో అయిదడుగుల మూడంగుళాలు, 52 కిలోలు, ఊళ్లో బుడ్డోడు అని పిలుస్తారు. "తెడ్డు వేయనక్కర్లేదు, కూర్చుని అరిస్తే చాలు అంటున్నారు. నన్ను ఆట పట్టిస్తున్నారా అక్కా?"

లేదు తమ్ముడూ, నిజంగానే అడిగారు. ఆ సీటులో కూర్చుని పడవకు దారి చూపేవాళ్లను కాక్స్‌వెయిన్ అని రాస్తారు, కాక్సన్ అని పలుకుతారు, మామూలుగా అందరూ కాక్స్ అనేస్తారు. నేను కూడా అదే సీటులో కూర్చున్నదాన్ని కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా.

పద్దెనిమిదేళ్ల కింద డిపెండెంట్ వీసా మీద వెళ్లాను. ఆయన ఆఫీసుకు పోతే ఇంట్లో ఒక్కదాన్నే. ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు, నోరే లేవదు. దుకాణంలో ఏదన్నా అడగాలంటే మనసులో రెండుసార్లు అనుకుని తీరా అడిగితే ఎదుటివాళ్లు "సారీ?" అంటారు, ఇక ఆ రోజుకు అంతే. పక్కింటి ఆవిడ ఒక ఆదివారం వాళ్ల ఊరి రోయింగ్ క్లబ్బుకు తీసుకుపోయింది. టీ తాగి వద్దామని పోయాను. ఆ రోజు వాళ్ల కాక్స్ రాలేదు, నా బరువెంతో కళ్లతోనే తూచి నన్ను కూర్చోబెట్టారు. సాగర్ ఎడమ కాలువలో ఈత నేర్చుకున్నదాన్ని కాబట్టి సరే అన్నాను.

అసలు విషయమేంటంటే ఎనిమిది మంది తెడ్లు వేసే పడవలో ఆ ఎనిమిది మందీ వెనక్కి తిరిగి కూర్చుంటారు. పడవ ఎటు పోతోందో వాళ్లకు కనిపించదు. ముందుకు చూసేది కాక్స్ ఒక్కరే. పడవ పదిహేడు మీటర్ల పైనే ఉంటుంది, మన ఆర్టీసీ బస్సు కంటే బాగా పొడుగు, దాన్ని తిప్పే చుక్కాని చూస్తే అరచేయంత. చేతిలోని తాడు లాగిన వెంటనే పడవ తిరగదు, కొంచెం ఆగి తిరుగుతుంది, తిరగలేదని ఇంకాస్త లాగితే అవసరానికి మించి తిరుగుతుంది. పైగా చుక్కాని తిప్పిన ప్రతిసారీ వేగం పోతుంది. అందుకే వంతెన వచ్చాక కాదు, వంతెన కనిపించగానే కొద్దిగా సర్దుకోవాలి. మొదటి నెల నేను నడిపిన పడవ పాము పోయినట్టు పోయేది.

ఎడమ, కుడి అని చెప్తే పని నడవదు. నీ కుడి వాళ్లకు ఎడమ. అందుకే అక్కడ బో సైడ్, స్ట్రోక్ సైడ్ అంటారు. నీ కుడి వైపున్నవి బో సైడ్ తెడ్లు, ఎడమ వైపువి స్ట్రోక్ సైడ్. నీకు ఎదురుగా మోకాళ్లు తగిలేంత దగ్గర్లో కూర్చునే మనిషి పేరు కూడా స్ట్రోక్, ఎనిమిదో నంబరు. పడవ మొదట్లో ఉండే ఒకటో నంబరు బో. ఇంకోటి, ఆ దేశంలో రోడ్డు మీద ఎడమ వైపు నడిపినా నదిలో మామూలుగా కుడి వైపు పోవాలి. కొన్ని వంపుల దగ్గర ఊరిని బట్టి వేరే పద్ధతి ఉంటుంది, ఆ మ్యాపు అడిగి తీసుకో.

ఇదంతా చెప్తుంటే నాయన విని "అంటే బండి తోలేటోడన్నట్టు" అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "కాదు, బతుకమ్మ కాడ పాట చెప్పేటామె లెక్క" అంది. అమ్మదే దగ్గర. ఎంత వేగంగా తెడ్డు వేయాలో ఊపు ఇచ్చేది స్ట్రోకే, పోటీలో నిమిషానికి ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది దాకా పోతుంది. ఆ ఊపు ఎనిమిదో సీటు నుంచి ఒకటో సీటు దాకా చెదరకుండా అందించేది కాక్స్ గొంతు. తలకు మైకు పెట్టుకుంటావు, పడవ పొడుగునా చిన్న స్పీకర్లు ఉంటాయి. అరిస్తే చాలన్నారు గదా, ఎక్కువసేపు అరిచేవాళ్ల మాట ఎవరూ వినరు. ఎప్పుడు ఊరుకోవాలో తెలిసినవాళ్లకే మంచి కాక్స్ అని పేరొస్తుంది.

నాకు ఆ సీటు మీద మోజు పుట్టింది ఇక్కడే. అక్కడ కబుర్లు, వాతావరణం గురించి మర్యాద మాటలు ఏవీ అక్కర్లేదు. రెండు మూడు ముక్కలు, స్పష్టంగా, సమయానికి. ఒకసారి మలుపులో ఎదురుగా ఇంకో పడవ వచ్చేసింది, ఆపమని చెప్పే ఇంగ్లీషు మాట నోటికి రాలేదు, "ఆగుర్రి!" అని అరిచాను. ఎనిమిది తెడ్లూ నీళ్లలో బిగుసుకున్నాయి. దుకాణంలో నా మాట ఎవరికీ అర్థం కాని రోజుల్లో ఇది జరిగింది. తర్వాత మా కోచ్ చెప్పినట్టు చిన్న రికార్డరు జేబులో పెట్టుకుని నా గొంతు నేనే వినేదాన్ని. మొదటి రికార్డింగులో సగం "ఓకే ఓకే"లే. సిగ్గేసింది గానీ నా ఇంగ్లీషు బాగుపడింది అలా విన్నాకే, క్లాసులకు పోయి కాదు.

బరువు సంగతి. కాక్స్ తెడ్డు వేయరు, కాబట్టి తేలికగా ఉంటే పడవకు మంచిది, నిన్ను పట్టుకున్నది అందుకే. అంతర్జాతీయ పోటీల్లో కాక్స్ కనీసం 55 కిలోలు ఉండాలి, తక్కువైతే ఆ తేడాకు బరువు పక్కన పెట్టుకుని కూర్చోవాలి. నీ లెక్కన మూడు కిలోల ఇసుక సంచి. కాబట్టి ఎవరన్నా ఇంకా తగ్గితే బాగుండు అంటే వినకు, అన్నం మానకు. ఇంతకుముందు ఈ నియమాలేవీ లేవు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో డచ్ జట్టు తమ కాక్స్ బరువు ఎక్కువని ఫైనల్‌కు ఒక ఫ్రెంచ్ పిల్లవాడిని కూర్చోబెట్టి గెలిచింది, ఆ పిల్లవాడి పేరేంటో చాలా ఏళ్ల దాకా ఎవరికీ తెలియదు. ఆడ, మగ పట్టింపు కూడా ఇప్పుడు లేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మగవాళ్ల పోటీలో 1981లోనే సూ బ్రౌన్ అనే అమ్మాయి ఆక్స్‌ఫర్డ్ పడవ నడిపింది. బ్రిటన్ కాక్స్ హెన్రీ ఫీల్డ్‌మన్ టోక్యో ఒలింపిక్స్‌లో మగవాళ్ల పడవలో కంచు పతకం, 2024 పారిస్‌లో ఆడవాళ్ల పడవలో ఇంకో కంచు పతకం తెచ్చుకున్నాడు.

ఇక కష్టాలు. చలికాలం పొద్దున ఆరింటికి నది దగ్గర ఉండాలి. తెడ్డు వేసేవాళ్లకు చెమట పడుతుంది, నువ్వు కదలకుండా కూర్చుంటావు కాబట్టి అందరికంటే ఎక్కువ వణికేది నువ్వే. లోపల థర్మల్స్, రెండు జతల సాక్సులు, చెవులు మూసే టోపీ, ఫ్లాస్కులో చాయ్, వీటి దగ్గర పీనాసితనం వద్దు. కొన్ని పడవల్లో కాక్స్ ముందు భాగంలో దాదాపు పడుకున్నట్టు ఉండాలి, అందులో నీళ్లు తగలగానే దానంతటదే ఉబ్బే లైఫ్ జాకెట్ వేసుకోకూడదు, ఉబ్బితే బయటికి రాలేవు. చేత్తో లాగితే ఉబ్బేదే అడుగు. ఈత రాకపోతే ముందు అది నేర్చుకో, మొహమాటపడి వచ్చని చెప్పకు. తప్పు జరిగితే మాట పడేది కూడా నువ్వే. నేను ఒకసారి ఒడ్డుకు కొట్టాను, పడవ ముక్కు పగిలింది, ఒక పెద్దాయన రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

పార్ట్‌టైం ఉద్యోగం చూసుకుంటున్నావని కూడా రాశావు. చదువు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలే పని చేయాలి గదా, రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే పడవ ఎక్కకు, నిద్రమత్తులో ఉన్న కాక్స్ ఎనిమిది మందికీ ప్రమాదం. సరదాగా క్లబ్బులో ఆడటానికి స్టూడెంట్ వీసా అడ్డం కాదు గానీ, డబ్బు తీసుకుని కోచింగ్ ఇవ్వడం లాంటివి ఒప్పుకోకు. ఫీజు గురించి ముందే అడుగు, చాలాచోట్ల కాక్స్ దగ్గర తక్కువే తీసుకుంటారు.

నెల రోజులు పోయి చూడు. నచ్చకపోతే మానేయి, ఎవరూ ఏమీ అనుకోరు.

అమ్మకు ఏమని చెప్పాలి అని చివర్లో అడిగావు. బీచుపల్లి దగ్గర పుట్టి పడవ ఎక్కినట్టే అని చెప్పు, లైఫ్ జాకెట్ ఇస్తారని చెప్పు. గెలిచిన రోజు జట్టంతా కలిసి కాక్స్‌ను ఎత్తి నదిలో విసిరేయడం అక్కడి ఆచారం. అది మాత్రం గెలిచాక చెప్పుకుందువులే.