కారును రైలెక్కించే ముందు: లావణ్యకు మామయ్య ఉత్తరం

బిట్రగుంట,
నెల్లూరు జిల్లా.

చిరంజీవి సౌభాగ్యవతి లావణ్యకు మామయ్య దీవెనలు. అల్లుడు గారికి, బుడ్డోడికి ఆశీస్సులు.

మీరు ఆష్‌బర్న్‌లో ఇల్లు ఖాళీ చేసి టాంపాకు మారుతున్నారని, మీ టెస్లా కరెంటు కారును కూడా మీతోపాటే ఆటో ట్రైన్ అనే రైల్లో తీసుకుపోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "అన్నయ్యా, నువ్వు మీవాడితో ఆ రైల్లో పోయుండావు కదా, ఏమేం చూసుకోవాల్నో అమ్మాయికి రాయి" అంది. ఇవన్నీ ఫోన్లో చెబితే సగం గుర్తుండవు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మంచి పనే చేస్తున్నారు. వర్జీనియాలోని లార్టన్ నుంచి ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్ దాకా 855 మైళ్ళు, మన లెక్కలో 1,376 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి హైదరాబాద్‌కు పోయే దూరానికి మూడింతలు. పసివాణ్ణి, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మను పెట్టుకుని, నాలుగైదు చోట్ల చార్జింగ్‌కు ఆగుతూ రోడ్డు మీద పోవడం కంటే, సాయంత్రం 5 గంటలకు రైలెక్కి మర్నాడు పొద్దున 10 ప్రాంతంలో దిగడం ఎంతో నయం. ఈ రైలును 1971లో ఒక ప్రైవేటు కంపెనీ మొదలుపెట్టింది. పదేళ్ళకే దివాలా తీసింది. 1983లో అమెరికాలో ప్రయాణికుల రైళ్ళు నడిపే ఆమ్‌ట్రాక్ వాళ్ళు మళ్ళీ నడపడం మొదలుపెట్టి ఇప్పటిదాకా నడుపుతున్నారు. మన దేశంలోనూ కొంకణ్ రైల్వే వాళ్ళు 2025 వినాయక చవితి రోజుల్లో కోలాడ్ నుంచి గోవాలోని వెర్ణా దాకా కార్లను వ్యాగన్ల మీద ఎక్కించారు. లారీలనైతే 1999 నుంచే ఎక్కిస్తున్నారు. రైల్వేలో చేసినవాణ్ణి కదా, ఈ కబుర్లు మొదలుపెడితే ఆపలేను. అసలు సంగతికి వస్తా.

పార్సెల్ ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ నేను గమనించింది ఒకటే. సరుకు మన చేతిలో ఎంత పదిలంగా ఉందనేది లెక్కలోకి రాదు. మనం పక్కన లేనప్పుడు, మనల్ని ఎరగని మనిషి దాన్ని ఎట్లా పట్టుకుంటాడో ఆలోచించి సిద్ధం చెయ్యాలి. లార్టన్‌లో మీ కారును వ్యాగన్‌లోకి తోలేది మీరు కాదు, అక్కడి మనిషి. ఆ తర్వాత పదిహేడు గంటలపాటు మీరు దాని దగ్గరికి పోలేరు. కాబట్టి చెయ్యాల్సినవి రెండే పనులు. కొత్త మనిషి ఎవరినీ ఏమీ అడక్కుండా దాన్ని నడపగలగాలి. అతను దిగి తలుపు వేశాక అది నిద్రపోవాలి. మిగతావన్నీ ఈ రెండింటి కోసమే.

ముందు తాళం సంగతి. మీ మోడల్ వైకి ఫోనే తాళం. ఫోన్ ఇచ్చేసి రైలెక్కలేరు కదా. కారు కొన్నప్పుడు రెండు ప్లాస్టిక్ కార్డులు ఇచ్చుంటారు, వాటిని ఇప్పుడే వెతికి పెట్టుకోండి. చాలామందికి అవి ఏ డ్రాయర్‌లో ఉన్నాయో కూడా గుర్తుండదు, సామాన్లు సర్దే హడావిడిలో ఏ అట్టపెట్టెలోకో పోతాయి. దొరికాక ఊరుకోకుండా, ఒకరోజు ఇద్దరి ఫోన్లలో బ్లూటూత్ ఆపేసి, కేవలం కార్డుతో తలుపు తీసి, బండి స్టార్ట్ చేసి, వీధి చివరిదాకా పోయి రండి. డ్రైవర్ వైపు రెండు తలుపుల మధ్య స్తంభానికి ఆనిస్తే తలుపు తెరుచుకోవాలి. లోపల కార్డు ఎక్కడ పెడితే బండి కదులుతుందో ఒక్కో ఏడాది మోడల్‌కు ఒక్కో చోటు, మీదానికి ఎక్కడో చూసుకోండి. ఒక కార్డు అక్కడి మనిషికి, రెండోది నీ పర్సులో. రెండూ కారులో వదలొద్దు.

'పిన్ టు డ్రైవ్' అని ఒకటుంటుంది, నాలుగంకెలు నొక్కితే గానీ బండి కదలదు. మీ ఆయన జాగ్రత్త మనిషి, తప్పకుండా పెట్టుకుని ఉంటాడు. దాన్ని తీసేయాలి. లేదంటే ర్యాంప్ ముందు వరుసలో మీ బండి ఒక్కటే నిలబడిపోతుంది, వెనకున్న వాళ్ళందరూ మీ పేరు తలుచుకుంటారు. కారును వేరేవాళ్ళ చేతికి ఇచ్చేటప్పుడు పెట్టే వ్యాలే మోడ్ పెట్టుకుంటే మంచిదే. ఇంటి అడ్రసు కనపడదు, ముందు వైపు డిక్కీకి, గ్లవ్ బాక్స్‌కు తాళం పడుతుంది, పికప్ తగ్గుతుంది, వేగం 70 మైళ్ళు దాటదు. ర్యాంప్ ఎక్కించే మనిషికి 70 మైళ్ళ వేగం ఎందుకో నాకైతే తెలియదు. అదంతా తలనొప్పి అనుకుంటే యాక్సిలరేషన్‌ను 'చిల్'లో పెట్టండి, అదీ సరిపోతుంది. ఈ బండ్లు కాలు ఆనిస్తే చాలు ముందుకు దూకుతాయి, ఇరుకు వ్యాగన్‌లో ఆ దూకుడు పనికిరాదు. వాళ్ళు రోజూ ఇట్లాంటి కార్లు ఎన్నో ఎక్కిస్తుంటారు, అయినా ఒక చిన్న కాగితం మీద కార్డు ఎక్కడ పెట్టాలో, గేరు ఎట్లా మార్చాలో రెండు ముక్కలు రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. డ్రైవర్ సీటు బాగా వెనక్కి జరిపి పెట్టండి. వెనక అద్దం కనపడకుండా సామాన్లు పైదాకా పేర్చొద్దు.

ఇక నిద్రపుచ్చే పని. ఇక్కడే ఎక్కువమంది ఏమరుపాటుగా ఉంటారు.

ఆగి ఉన్న కారుకు కాపలా కాసే సెంట్రీ మోడ్‌ను తప్పకుండా ఆపెయ్యాలి. అది ఆన్‌లో ఉంటే కెమెరాలు, కంప్యూటర్ రాత్రంతా మేలుకునే ఉంటాయి. ఒక రోజంతా వదిలేస్తే ఇరవై మైళ్ళు అటూ ఇటూగా చార్జ్ తినేస్తుంది. చార్జ్ 20 శాతానికి పడితే దానంతట అదే ఆగిపోతుందంటారు, కానీ అంతదాకా ఎందుకు? మూసిన వ్యాగన్‌లో అది కాపలా కాసేదేముంది? దొంగ అనుకుని అది రికార్డ్ చేసేది కారు కట్టడానికి వచ్చిన రైలు మనిషినే. సెక్యూరిటీ అలారం కూడా ఆపండి. బండి ఒరిగితే మోగే సెన్సార్ మీ మోడల్‌లో ఉంటే దాన్నీ ఆపండి. రైలన్నాక ఊగుతుంది.

క్యాబిన్ ఓవర్‌హీట్ ప్రొటెక్షన్ అని ఉంటుంది, ఎండలో లోపలి వేడి 40 డిగ్రీల చుట్టుపక్కల దాటకుండా పన్నెండు గంటల దాకా ఏసీ వేస్తూ ఉంటుంది. మీరు పోయేది వేసవిలో గనక అది ఆపండి. పొద్దున్నే ఆఫీసు టైముకు కారు చల్లబడేలా షెడ్యూల్ పెట్టుకున్నారేమో చూసి, అదీ తీసెయ్యండి. ఇవి ఆపినందుకు కారుకు ఏమీ కాదు, లోపల మనుషులుండరు కదా.

అల్లుడు గారికి ఒక మాట గట్టిగా చెప్పు. రాత్రి బెర్తు మీద పడుకుని ఫోన్లో యాప్ తెరిచి చార్జ్ ఎంతుందో చూడకూడదు. చూసినప్పుడల్లా కారు నిద్ర లేస్తుంది, మళ్ళీ నిద్రలోకి పోవడానికి కాసేపు పడుతుంది. మా వాడు పదిసార్లు చూడబోతే ఫోన్ లాక్కుని తలగడ కింద పెట్టుకున్నా. ఇనప పెట్టెలో ఉన్న బండికి సిగ్నల్ అందకపోవచ్చు, అప్పుడు యాప్‌లో కారు కనపడదు, దానికి టెన్షన్ పడొద్దు. కారు ఎక్కడికీ పోదు, మీ రైలుకే తగిలించి ఉంది.

చార్జ్ ఎంత పెట్టాలని అడుగుతావు. 100 శాతం నింపొద్దు. నిండుగా నింపి వేడిలో గంటల తరబడి ఉంచితే లిథియం బ్యాటరీకి మంచిది కాదు. అట్లాగని ముప్పై శాతంతో పోనూ వద్దు. శాన్‌ఫర్డ్‌లో దిగాక టాంపాకు ఇంకా వంద మైళ్ళ పైచిలుకు ఉంది. పగటిపూట ఆర్లాండో మీదుగా ఐ-4 రోడ్డు ఎట్లా ఉంటుందో అందరికీ తెలిసిందే, ఎండలో ఏసీ వేసుకుని గంటల తరబడి నెమ్మదిగా కదలాలి. లార్టన్‌లో కారు ఇచ్చేటప్పుడు 70 శాతం అటూ ఇటూ ఉంటే బాగుంటుంది. అంతా నిద్రలో ఉంటే తెల్లారేసరికి ఒకటి రెండు శాతం కంటే ఎక్కువ తగ్గదు. దారిలో ఎక్కడైనా ఆగాల్సి వస్తే ఏ చార్జర్ దగ్గర ఆగుతారో ముందే చూసి పెట్టుకోండి.

పెద్ద బ్యాటరీ ఉంది కదా అని చిన్నదాన్ని మర్చిపోవద్దు. తలుపు తాళాలు, స్క్రీన్, కంప్యూటర్ అన్నీ నడిచేది చిన్న బ్యాటరీ మీదే. అది చచ్చిపోతే పెద్ద దాంట్లో ఎంత చార్జ్ ఉన్నా బండి కదలదు, తలుపు కూడా తెరుచుకోదు. దాన్ని మార్చమని స్క్రీన్ మీద ఎప్పుడైనా హెచ్చరిక వచ్చి ఉంటే ప్రయాణానికి ముందే మార్పించండి. రైలు దిగాక చూసుకుందాంలే అనుకునే పని కాదిది.

మన దగ్గర మోటార్‌సైకిల్‌ను రైల్లో పంపాలంటే ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. నెల్లూరు స్టేషన్‌లో కుర్రాళ్ళు పార్సెల్ ఆఫీసు బయట బాటిళ్ళలో పెట్రోలు పట్టుకునేది చూస్తూనే ఉండేవాణ్ణి. ఆటో ట్రైన్‌లో కార్లు వాటి ఇంధనంతోనే పోతాయి, కానీ విడిగా డబ్బాల్లో పెట్రోలు, ప్రొపేన్ సిలిండర్లు కుదరవు. నాకు గుర్తొచ్చేది మీ గ్యారేజీలో చేపలు వేయించే గ్యాస్ స్టవ్వు. స్టవ్వు తీసుకుపోతే పోండి, సిలిండర్ మాత్రం అక్కడే ఎవరికైనా ఇచ్చెయ్యండి. టాంపాలో మంచి చేపలు దొరుకుతాయి, సిలిండరూ దొరుకుతుంది.

కారులో ఆవకాయ జాడీ పెట్టొద్దు. వేసవిలో ఆ పెట్టెలో వేడికి నూనె పైకి పొంగి సీట్ల మీద కారితే ఆ వాసన ఈ జన్మలో పోదు. నెయ్యికీ అదే మాట. మందులు, నగలు, పాస్‌పోర్టులు, పిల్లవాడి పాలడబ్బా, డైపర్లు, మీ అమ్మ బీపీ మాత్రలు, స్వెటర్ అన్నీ ఒక సంచిలో మీ వెంట ఉండాలి. మళ్ళీ చెబుతున్నా, కారు ఇచ్చాక మర్నాడు దాకా దాని ముఖం చూడలేరు. మధ్యలో సౌత్ కరొలైనాలో ఫ్లోరెన్స్ దగ్గర రైలు ఆగుతుంది గానీ అది సిబ్బంది మారడానికి, డీజిల్ పట్టుకోవడానికే.

మీ అమ్మకు పైమెట్లు ఎక్కే పని లేకుండా చూడండి. ఆ రైల్లో ప్రయాణికుల పెట్టెలు రెండంతస్తులు, ఎక్కువ గదులు పై అంతస్తులోనే ఉంటాయి. టికెట్ కొనేటప్పుడే కింద చోటు అడగాలి. స్లీపర్ గది తీసుకుంటే రాత్రి భోజనం టికెట్లోనే కలిసి ఉంటుంది, మామూలు సీటు అయితే కేఫ్‌లో కొనుక్కోవాలి. ఏది తీసుకున్నా పులిహోర, పెరుగన్నం కట్టుకుపోండి. మీ అమ్మ వాళ్ళ భోజనం తినదని నాకు తెలుసు.

ఇంటి దగ్గర బయల్దేరే ముందు కారును శుభ్రంగా కడగండి. గొప్పకు కాదు. లార్టన్‌లో కారు తీసుకునేటప్పుడు అది అప్పటికి ఎట్లా ఉందో, ఎక్కడ గీతలున్నాయో వీడియో తీసుకుంటారు. దుమ్ము కింద ఉన్న గీత ఎవరికీ కనపడదు. మీరు కూడా నాలుగు వైపులా, చక్రాల రిమ్ములతో సహా ఫోటోలు తీసి పెట్టుకోండి. తలుపు మీద అయస్కాంతంతో ఒక నంబరు అంటిస్తారు, దాన్నీ ఫోటో తీయండి. పార్సెల్ మీద మేము వేసే మార్కా ఎట్లాగో అదీ అట్లాగే, శాన్‌ఫర్డ్‌లో మైకులో పిలిచేది ఆ నంబరునే. టికెట్ మీద వేసిన గడువుకు రెండు గంటలు ముందే చేరుకునేలా బయల్దేరండి. ఐ-95 మీద శుక్రవారం మధ్యాహ్నం ట్రాఫిక్‌ను నమ్మకండి.

దిగాక తొందరపడొద్దు. ముందు ఎక్కించింది ముందు దిగుతుందని లేదు. గంట పట్టవచ్చు, రెండు గంటలు పట్టవచ్చు. అదనంగా డబ్బు కడితే ముందుగా దించే పద్ధతి ఉంది, పసివాడితో పోతున్నారు గనక నన్నడిగితే ఆ డబ్బు దండగ కాదు. కారు చేతికి వచ్చాక ఎక్కి కూర్చోకుండా చుట్టూ తిరిగి చూడండి. ఏదైనా కొత్త దెబ్బ కనపడితే అక్కడే, ఆ మనుషులకే చూపించి రాయించండి. స్టేషన్ గేటు దాటాక చెప్పినదానికి విలువ ఉండదు, మన పార్సెల్ ఆఫీసులోనూ అంతే. ఆ తర్వాత వ్యాలే మోడ్ తీసి, కార్డు వెనక్కి తీసుకుని, పిన్, అలారం, సెంట్రీ మళ్ళీ పెట్టుకోండి.

మీ ఆయనకు ఏదైనా అనుమానం ఉంటే మీకు రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేయమను. నాకు అప్పటికి తెల్లవారి ఆరున్నర అవుతుంది, కాఫీ తాగి వరండాలో కూర్చునే ఉంటాను.

ఇట్లు,
మీ మామయ్య